ద్రౌపదమ్మ కొప్పు ముడిచిన పద్యం

మా వీధిలో చదువుకోవాలంటే కరెంటు పోవాలి. ఇటు నాలుగిళ్లలో, అటు మూడిళ్లలో మరమగ్గాలు ఆడుతుంటాయి. పొద్దున మొదలైతే రాత్రి పొద్దుపోయేదాకా ఆ టకటకల్లో పక్కనున్న మనిషి పిలిచినా వినపడదు. కరెంటు పోగానే వీధంతా ఒక్కసారిగా సద్దుమణుగుతుంది. ఎవరింట్లోనో పోపు చిటపటలాడటం కూడా వినిపిస్తుంది. పోయిన వేసవి సెలవుల్లో అలాంటి ఒక మధ్యాహ్నం అమ్మ వాకిట్లో కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. అవ్వ గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుంది. నేను వాళ్లిద్దరికీ తిక్కన భారతం చదివి వినిపిస్తున్నాను. శల్యపర్వం, భీముడు గదతో దుర్యోధనుడి తొడలు విరగ్గొట్టే ఘట్టం.

పద్యం చదివి, తెలిసినంతలో అర్థం చెప్పి, పేజీ తిప్పబోయాను. అవ్వ పుస్తకం మీద చెయ్యి పెట్టింది.

"ఉండు మే. ద్రౌపదమ్మ కొప్పు ముడుచుకునేది యాడుండాది? అది చదవకనే పోతివే."

"ఇందులో లేదవ్వా."

"లేకుండా ఎట్లుంటాది? నేను పుట్టినప్పట్నించీ చూస్తా ఉండా. సరింగా ఎతుకు."

ఎం.ఏ. చదువులో ఇంతకంటే గట్టి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే ఏడాది పట్టింది.

మాది ఆర్.కె.పేట దగ్గర ఒక చిన్న ఊరు. ఆర్.కె.పేట అంటే రామకృష్ణరాజుపేట. తమిళనాడులో తిరువళ్లూరు జిల్లా. బస్సెక్కి తిరుత్తణికి పోయి, అక్కడ రైలెక్కితే మద్రాసు సెంట్రల్‌లో దిగుతాం. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు శాఖ సముద్రం ఒడ్డున, మెరీనా ప్రాంగణంలో ఉంది. నేను అక్కడే చదువుతున్నాను. "తెలుగులో ఎం.ఏ.నా? ఇంట్లో మాట్లాడేదే కదా, దానికి రెండేండ్లు చదువెందుకు?" అని అడగని చుట్టం లేడు మాకు. వాళ్లకి పండగల్లో, పెళ్లిళ్లలో నిలబడి చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా ఊళ్ల సంగతి కొంత చెప్పాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. అది తమదేనని తమిళులు ఉద్యమం చేశారు. పటాస్కర్ మధ్యవర్తిగా వచ్చి లెక్కలు తేల్చారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా, పళ్లిపట్టు వైపు ఊళ్లు మద్రాసు రాష్ట్రానికి వచ్చాయి. బదులుగా సత్యవేడు వైపు ఊళ్లు ఆంధ్రకి పోయాయి. అవ్వకి అప్పుడు పన్నెండేళ్లు. దాన్ని ఇప్పటికీ "గీత మారిన ఏడు" అంటుంది. మనుషులు, పొలాలు, దేవుళ్లు ఉన్నచోటే ఉన్నారు, కాగితం మీద జిల్లా మారింది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. తమిళం తర్వాత ఈ రాష్ట్రంలో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడేది మన భాషే. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టింది ఈ తిరుత్తణి ప్రాంతంలోని తెలుగింటే.

2006లో తమిళనాడు ప్రభుత్వం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేసింది. ఆ చట్టం ఏటా ఒక తరగతి చొప్పున పైకొచ్చి 2016 నాటికి పదో తరగతి పరీక్ష దాకా చేరింది. వేరే మాతృభాషల పిల్లలు కోర్టుకి పోయి తమ భాషలో పరీక్ష రాసేందుకు మినహాయింపు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ ఏళ్లలో బడికి పోయినదాన్ని నేను. తెలుగూ తమిళమూ రెండూ దిద్దాను. తెలుగు అయ్యవారు బదిలీ మీద వెళ్లిపోతే మళ్లీ ఒకరొచ్చేదాకా మా తెలుగు పుస్తకాలు సంచీలోనే ఉండిపోయేవి. అది నాకు బాధే, ఇప్పటికీ బాధే. కానీ ఆ తమిళం తరగతిలో చదివిన ఒక పాఠం లేకపోతే అవ్వ ప్రశ్నకి దారి దొరికేది కాదు. అది తర్వాత చెప్తాను.

డిగ్రీ చదవడానికి గీత దాటి ఆంధ్రలో ఒక ఊరికి వెళ్లాను. హాస్టల్లో మొదటి రోజు ఎవరో "ఎప్పుడొచ్చావ్?" అని అడిగితే "నిన్న సాయంత్రమే వస్తి" అన్నాను. గదంతా నవ్వింది. "నిన్న వస్తావా? మరి రేపు వచ్చావా?" అన్నారు. తమిళ పిల్లలు కోపమొస్తే మమ్మల్ని "గొల్టి" అనేవాళ్లు. ఇక్కడ నాది "అరవ తెలుగు" అయింది. మూడు నెలల్లో నేను "వచ్చాను, చూశాను, చేశాను" నేర్చేసుకున్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం గది బయటికి పోయి, మెట్ల దగ్గర నిలబడి మాట్లాడేదాన్ని.

రెండో ఏడు వ్యాకరణం తరగతి. మా సార్ బోర్డు మీద భూతకాల రూపాలు రాస్తున్నారు: చూచితిని, వచ్చితిని, చేసితిని. పాత కావ్యాల భాష ఇది, ఇప్పుడెవరూ మాట్లాడరు, బట్టీ పట్టండి అన్నారు. నాకు ఒళ్లు జలదరించింది. చూచితిని, చూస్తిని. వచ్చితిని, వస్తిని. చేసితిని, చేస్తిని. నడిమి ఇకారం అరిగిపోయింది, చకారం సకారమైంది, తక్కినదంతా మా అవ్వ నోట్లో ఉన్నదే. "చూచినాను" నుంచి "చూశాను" వచ్చింది, "చూచితిని" నుంచి మా "చూస్తిని" వచ్చింది. రెండూ ఒక తల్లి బిడ్డలు. ఒకటి పత్రికల్లోకి, సినిమాల్లోకి పోయింది. ఒకటి చిత్తూరు నుంచి తిరుత్తణి దాకా పల్లెల్లో ఉండిపోయింది. అవ్వ "ఆయప్ప వచ్చె, పోయె" అంటుంది. కావ్యంలో "వచ్చెను, పోయెను" అని ఉంటుంది. తరగతిలో అందరూ బట్టీ పడుతున్న పట్టిక నాకు పుట్టుకతో వచ్చింది. ఆ సాయంత్రం మెట్ల దగ్గరికి పోకుండా గదిలోనే, అందరూ వింటుండగా ఇంటికి ఫోన్ చేశాను.

సాహిత్యం చదవడం అంటే ఏంటని అడిగే చుట్టాలకి ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు అనుకుంటాను. ఛందస్సు, అలంకారాలు, కావ్యాలు, శతకాలు, నవల, కథ, విమర్శ, ఇవన్నీ పాఠాలే. వ్యాకరణానికి పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం ఉంది. ఆయన శ్రీపెరుంబుదూరు వాడు, మాకు పక్క సీమ. దక్షిణాంధ్ర యుగమని ఒక పాఠం ఉంటుంది. తంజావూరు, మధుర నాయక రాజుల కొలువుల్లో యక్షగానాలు, తెలుగు వచనం ఎలా వెలిగాయో అందులో చెబుతారు. మాకు దగ్గరలోని కార్వేటినగరంలో సారంగపాణి అనే పదకర్త ఉండేవాడు. వేణుగోపాలుడి ముద్రతో ఆయన కట్టిన పదాల్లో వీధిలో ఆడవాళ్లు మాట్లాడుకునే మాటలు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. మూడొందల ఏళ్ల కిందట ఒక కవికి మా వైపు మాట పాటకి పనికొచ్చింది. ఈ సంగతి తెలిశాక నా నోటిని చూసి నేను సిగ్గుపడటం మానేశాను.

ఇక అవ్వ ప్రశ్న.

మా ఊళ్లో ద్రౌపదమ్మ గుడి ఉంది. కొందరు ధర్మరాజుల గుడి అంటారు. ఎండాకాలంలో, సేద్యం పనులు లేనప్పుడు అక్కడ పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. చిత్తూరు జిల్లాలోనూ, తమిళనాడు ఉత్తర జిల్లాల్లోనూ ఊరూరా ఉన్నదే ఇది. పగలు పందిట్లో భారతం చెప్పేవారు కథ చెబుతారు, రాత్రి అదే ఘట్టం వీధినాటకం ఆడతారు. బకాసురుడి రోజు బండినిండా అన్నం కూరలు పెట్టుకుని ఊరంతా తిప్పుతారు. అర్జునుడి తపస్సు రోజు అవ్వ తెల్లవారుజామునే మమ్మల్ని లేపేది. భారతం మిట్ట మీద ఒక పెద్ద మాను పాతి ఉంటుంది. అర్జునుడి వేషం వేసినాయన ఒక్కొక్క మెట్టుకీ ఒక పద్యం పాడుతూ పైకెక్కుతాడు. బిడ్డలు కావాలనుకునే ఆడవాళ్లు తల స్నానం చేసి, తడిగుడ్డలతోనే మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. ఆయన పైకి చేరాక నిమ్మకాయలు, పూలు, విభూతి కిందికి విసురుతాడు. తమ మీద పడిన నిమ్మకాయని వాళ్లు కొంగులో మూటగట్టుకుని ఇంటికి తీసుకుపోతారు.

పద్దెనిమిదో రోజు దుర్యోధన వధ. నేల మీద మట్టితో దుర్యోధనుణ్ణి చేస్తారు, అది ఇంటి వసారా కంటే పొడుగు. రంగులు పూసి, కిరీటం పెట్టి, తొడ దగ్గర కుంకుమ నీళ్లు దాస్తారు. భీముడు గదతో ఆ తొడ మీద కొట్టగానే ఎర్రనీళ్లు చిమ్ముతాయి. అంతదాకా జుట్టు విరబోసుకుని ఉన్న ద్రౌపది ఆ ఎరుపు తలకి రాసుకుని కొప్పు ముడుచుకుంటుంది, పూలు పెట్టుకుంటుంది. మిట్ట మీద ఆడవాళ్లందరూ కళ్లు తుడుచుకుంటారు. మా అవ్వ తన కొప్పు కూడా విప్పి మళ్లీ ముడుచుకుంటుంది, నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. మర్నాడు ధర్మరాజు పట్టాభిషేకంతో అయిపోతుంది.

ఇదంతా కళ్లారా చూసిన మనిషికి ఆ కొప్పు లేని శల్యపర్వం ఎలా నచ్చుతుంది?

సెలవులయ్యాక మద్రాసు వచ్చి లైబ్రరీలో కూర్చున్నాను. మహాభారతాన్ని తెలుగు చేసినవాళ్లు ముగ్గురు. పదకొండో శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టి అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. ఆ తర్వాత ఎర్రన అరణ్యపర్వంలో మిగిలింది పూరించాడు. తిక్కన ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి బయలుదేరే ముందు ద్రౌపది తన జుట్టు చేతిలో పట్టుకుని చూపించి, సంధి మాట మాట్లాడేటప్పుడు దీన్ని మరిచిపోవద్దని అడుగుతుంది. జుట్టు అక్కడుంది. కానీ దుర్యోధనుడు కూలేనాడు ద్రౌపది యుద్ధభూమిలోనే లేదు, ఉపప్లావ్యంలో ఉంది. అశ్వత్థామ ఆమె బిడ్డల్ని చంపాక నకులుడు పోయి ఆమెని తీసుకొస్తాడు. వ్యాసుడి కథ ప్రకారం ఆ కొప్పు ముడవడం కుదరనే కుదరదు.

అప్పుడు గుర్తొచ్చింది బడిలో చదివిన తమిళం పాఠం. సుబ్రమణ్య భారతి 1912లో రాసిన పాంచాలి శపథం. నిండు సభలో ద్రౌపది ఒట్టు పెట్టుకుంటుంది: దుశ్శాసనుడి రక్తమూ, దుర్యోధనుడి రక్తమూ కలిపి పూసుకున్నాకే ఈ జుట్టు ముడుస్తానని. మా తమిళం అయ్యవారు అది చదువుతుంటే నేను మా ఊరి మిట్టనే తలచుకున్నాను. తీరా వెతికితే సంస్కృతంలో వెయ్యేళ్లకు ముందే ఒక నాటకం ఉంది, భట్టనారాయణుడి వేణీసంహారం. పేరులోనే ఉంది జడ కట్టడమని. నాటకం చివర భీముడు దుర్యోధనుడి నెత్తురు అంటిన చేతులతో ద్రౌపది జడ కడతాడు. అవ్వ అడిగిన పద్యం తిక్కనలో లేకపోయినా, అవ్వ చెప్పిన కథ ఎంత పాతదో తెలిసింది. నాటకం నుంచి మిట్టకి వచ్చిందా, మిట్టల మీద ఉన్న కథనే కవి నాటకానికి ఎత్తుకున్నాడా? నేను రెండోదాని వైపే మొగ్గుతాను. ఒక్క కవి తలలో పుట్టిన ఊహ కోసం ఇన్ని ఊళ్ల ఆడవాళ్లు ఇన్ని తరాలు కళ్లనీళ్లు పెట్టుకుంటారని నాకు అనిపించదు.

అమెరికాలో ఆల్ఫ్ హిల్టెబైటెల్ అనే పండితుడు ఇదే పని మీద సెంజి చుట్టుపక్కల ఊళ్లలో తిరిగి, 1988లోనూ 1991లోనూ ద్రౌపది కొలుపుల మీద రెండు పెద్ద సంపుటాలు అచ్చువేశాడు. ద్రౌపదమ్మకి కాపలా ఉండే పోతురాజు గురించి ఆయన రాసిన పేజీలు నేను రాత్రంతా మేలుకుని చదివాను. కవిత్రయ భారతంలో పోతురాజు లేడు. మా గుడి ముందు ఉన్నాడు, ఆ పేరు తెలుగు పేరు, అరవ ఊళ్లలో కూడా ఆ పేరుతోనే ఉన్నాడు. నా ఎం.ఏ. వ్యాసానికి ఇదే అంశం తీసుకున్నాను. మా ఊరి భారతం కథకుడు చెప్పే కథలో తిక్కన ఎంత, విల్లిపుత్తూరార్ తమిళ భారతం ఎంత, ఏ పుస్తకంలోనూ లేనిది ఎంత అని విడదీసి రాసుకుంటున్నాను.

కథలు రాయడం దీనికి పక్కన మొదలైంది. తపస్సు మాను కింద పడుకున్న ఆడవాళ్లలో ఒక ఏడు మా పిన్నమ్మ ఉంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆమె మీద రాయాలని ఎన్నాళ్లగానో మనసులో ఉంది. పిన్నమ్మని అడిగితే చాలాసేపు ఊరుకుని, "రాసుకో. పేరు మాత్రం పెట్టొద్దు" అంది. మొదట ఇలా రాశాను: "ఆమె తడిబట్టలతో నేలమీద పడుకుని ఎంతో ఆశగా ఎదురుచూస్తోంది." తప్పేమీ లేదు వాక్యంలో. కానీ ఆ ఆడమనిషి ఎవరో నాకు తెలియలేదు. ఎక్కడో దూరంగా, కుర్చీలో కూర్చుని ఎవరో ఆమెని చూస్తున్నారు. పదకొండు పేజీలూ అలాగే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాసిన "పచ్చ నాకు సాక్షిగా" చదివాను. చిత్తూరు పల్లె మాటలో పుస్తకం పుస్తకమంతా ఉంది. తర్వాత స.వెం.రమేశ్ ప్రళయకావేరి కథలు. ప్రళయకావేరి అంటే పులికాట్, దానిలో కొంత మా తిరువళ్లూరు జిల్లాలోనే ఉంది. ఆ సరస్సు నడుమ దీవుల్లో తెలుగువాళ్ల తిండి, ఆట, చేప, పక్షి, అన్నిటికీ వాళ్ల పేర్లే పెట్టి రాశారాయన. తమిళంలో కి. రాజనారాయణన్ ఉండేవారు. ఇంట్లో తెలుగు, రాసింది కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి తమిళం. దక్షిణాదికి వలస పోయిన తెలుగువాళ్ల కథని గోపల్ల గ్రామం అనే నవలగా రాశారు. దాని తర్వాతి నవలకి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తన సీమ మాటలన్నీ ఏరి ఒక నిఘంటువు కూడా కూర్చారు. ఆయన్ని చూసే నేనూ ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశంలో రెండో సంపుటం మొత్తం చేనేత మాటలే, 1971లో వచ్చింది. అందులో కొన్ని పేజీలు జిరాక్స్ తీయించి అమ్మకి చదివి వినిపించాను. పడుగు, పేక, ఆసు, అచ్చు అని ఒక్కొక్కటే చదువుతుంటే అమ్మ రాట్నం ఆపేసింది. "ఇవన్నీ పుస్తకంలో వేసినారా? మేము మాట్లాడేదంతానా?" అని రెండు మూడు సార్లు అడిగింది. ఆ పుస్తకం మొదటి సంపుటం, వ్యవసాయం మాటలది, 1962లో అచ్చయింది. అప్పటికి రెండేళ్ల ముందే మా ఊళ్లు గీతకి ఇవతలికి వచ్చేశాయి.

కథ మళ్లీ మొదటి నుంచి రాశాను, ఈసారి పిన్నమ్మ నోటితోనే. "తడిగుడ్డతో బోర్లా పండుకుంటి. మట్టి ముక్కులోకి పోయె. ఆయన పద్యం పాడతా పాడతా ఎక్కతా ఉండాడు, మెట్టుమెట్టుకీ నిలస్తా ఉండాడు. తల ఎత్తి చూడకూడదని చెప్పినారు. చూడలా. చెవులు మాత్రం ఆ మాను మీదనే పెడ్తి." ఒక వాక్యం ఇంకో వాక్యాన్ని పిలుచుకుంటూ వచ్చింది. వ్యాకరణం తరగతిలో బోర్డు మీద చూసిన ఆ "తి" ఇప్పుడు నా కథలో మనిషి నోట్లో కూర్చుంది. ఈసారి పదకొండు పేజీలు ఆరయ్యాయి.

రాసిన కథని తరగతిలో అందరిముందూ చదవాలి, తోటివాళ్లు తప్పొప్పులు చెప్పాలి, అది మేము పెట్టుకున్న పద్ధతి. ఒక స్నేహితురాలు, నెల్లూరు వైపు పిల్ల, "నాలుగు మాటలు అర్థం కాలేదు, కానీ ఆపబుద్ధి కాలేదు" అంది. ఒకరు మాత్రం ఇది పత్రికలవాళ్లు వేసుకోరు, మామూలు భాషలోకి మార్చమన్నారు. నేను ఆలోచించాను. మార్చలేదు. వేసుకునేవాళ్లు దొరికేదాకా పంపుతూనే ఉంటాను. అర్థం కాని మాట ఒకటి ఎదురైతే చదివేవాళ్లు కాసేపు ఆగుతారు, అంతే కదా. మేము బడిలో మొదటి రోజు నుంచీ అలా ఆగుతూనే చదువుకున్నాం.

అచ్చుకి పంపే ముందు ఇంటికి తీసుకుపోయాను. మళ్లీ కరెంటు పోవాలని కాచుకున్నాను. పోయింది. అమ్మ రాట్నం దగ్గర, అవ్వ గోడ దగ్గర. పిన్నమ్మ కూడా వచ్చి గడపలో కూర్చుంది. ఆరు పేజీలూ చదివాను. కొప్పు సంగతి ముందే చెప్పేశాను, తిక్కనలో లేదు, ఇంకో పాత నాటకంలో ఉందని. "అట్లా చెప్పు మరి, ఉండాది కదా" అని అవ్వ ఆ విషయం వదిలేసింది. కథ అయిపోయాక ఎవరూ ఏమీ అనలేదు. పిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.

కాసేపటికి అవ్వ అడిగింది.

"ఆ పొద్దు మాను కింద చీమలుండె. నీ పిన్నమ్మ చెయ్యంతా కరిచె. అయినా లేయలా ఆ బిడ్డ. అది రాయకపోతివే?"

నేను పెన్ను తీసుకుని, ఎర్ర చీమలా నల్ల చీమలా అవ్వా అని అడిగాను.

లోపలి నుంచి పిన్నమ్మ గొంతు వినిపించింది. "గండుచీమలు."